ఏ సర్వర్లు ఒకేసారి పడిపోకూడదో ముందు తేల్చుకోండి

కాఫ్కాకి (డేటాని ఒక చోటి నుంచి ఇంకో చోటికి చేరవేసే సాఫ్ట్‌వేర్) మూడు బ్రోకర్లు (అది నడిచే సర్వర్లు), డేటాకి మూడు కాపీలు, ఇక టెన్షన్ లేదనుకుంటారు. ఆ మూడూ ఒకే ర్యాక్‌లో (డేటా సెంటర్‌లో సర్వర్లు పెట్టే బీరువా) ఉండి దానికి కరెంటు పోతే మూడూ ఒకేసారి పడిపోతాయి. ఏడబ్ల్యూఎస్ (అమెజాన్ క్లౌడ్) తనంతట తాను సర్వర్లను వీలైనంత విడివిడిగానే పెడుతుంది కానీ హామీ ఇవ్వదు. హామీ కావాలంటే ప్లేస్‌మెంట్ గ్రూప్ (సర్వర్లను ఎలా సర్దాలో చెప్పే అమరిక) పెట్టుకోవాలి. దానికి వేరే చార్జీ ఏమీ లేదు. అందులో స్ప్రెడ్, పార్టిషన్, క్లస్టర్ అని మూడు రకాలున్నాయి.

ఎవరు సలహా అడిగినా నేను ముందు వేసే ప్రశ్న ఒకటే: మీ సర్వర్లలో ఏవేవి ఒకేసారి పడిపోకూడదు?

ప్రైమరీ, స్టాండ్‌బై (ప్రైమరీ పోతే పని అందుకునే) డేటాబేస్, జూకీపర్ (సర్వర్ల మధ్య సమన్వయం చూసేది) లాంటి కొద్దిపాటి కీలకమైన సర్వర్లయితే స్ప్రెడ్ చాలు. ఒక్కోటీ ఒక్కో ర్యాక్‌లో ఉంటుంది. జోన్‌కి (రీజియన్‌లోని విడి డేటా సెంటర్ల సముదాయం) 7 మించి ఇవ్వరు. హైదరాబాద్ రీజియన్‌లో 3 జోన్లున్నాయి కాబట్టి ఒక గ్రూపుకి 21.

కాఫ్కా, కాసాండ్రా, హెచ్‌డీఎఫ్‌ఎస్ లాంటి, డేటాని చాలా సర్వర్లలో పంచి ఉంచే పెద్ద సెటప్‌కి పార్టిషన్ గ్రూప్. జోన్‌కి 7 పార్టిషన్ల (సర్వర్ల విడి జట్ల) దాకా పెట్టుకోవచ్చు, ఒకదాని ర్యాక్‌లు ఇంకోదానికి రావు. (కాఫ్కాలో డేటా ఉండే వర్గాల్ని టాపిక్‌లంటారు, వాటి పార్టిషన్లకీ వీటికీ సంబంధం లేదు.) గ్రూప్ పెట్టేసి చాలామంది ఇక్కడే ఆగిపోతారు. అది సగం పనే. ఏ బ్రోకర్ ఏ పార్టిషన్‌లో ఉందో కాఫ్కాకి మనం చెప్పాలి. సర్వర్ మెటాడేటాలో (దాని గురించిన వివరాల్లో) పార్టిషన్ నంబర్ ఉంటుంది, దాన్ని బ్రోకర్ కాన్ఫిగ్‌లో ర్యాక్ విలువగా ఇవ్వండి. అప్పుడే కాపీలు వేర్వేరు ర్యాక్‌లకు వెళ్తాయి. అదీ కొత్త టాపిక్‌లకే, పాతవాటిని మీరే రీఅసైన్ (మళ్లీ పంపిణీ) చేయాలి. బ్రోకర్లు మూడు జోన్లలో ఉంటే మాత్రం ర్యాక్ విలువగా జోన్ పేరే ఇవ్వండి.

క్లస్టర్ గ్రూప్ వేగం కోసం. అన్నీ ఒకే జోన్‌లో దగ్గరదగ్గరగా ఉంటాయి, ఒక్క కనెక్షన్‌కి 5 బదులు 10 జీబీపీఎస్ (సెకనుకు గిగాబిట్లు) దాకా వస్తుంది. వాతావరణ మోడల్ లాంటి, సర్వర్లు క్షణక్షణం ఒకదానితో ఒకటి మాట్లాడుకునే పనికి ఇదే సరి. మామూలు వెబ్‌సైట్‌కి మాత్రం వద్దు. టీ3 రకం సర్వర్లు ఇందులో పనికిరావు. అన్నీ ఒకే టైపు, ఒకే రిక్వెస్ట్‌లో అడగండి. తర్వాత ఒక్కోటీ చేరుస్తూ పోతే కెపాసిటీ లేదనే ఎర్రర్ రావచ్చు.

నడుస్తున్న సర్వర్‌ని గ్రూపులోకి మార్చాలంటే ఆపాల్సిందే. ఆపితే ఇన్‌స్టెన్స్ స్టోర్‌లోని (ఆ మెషీన్‌కే ఉండే తాత్కాలిక డిస్క్) డేటా పోతుంది, కాబట్టి డిస్క్ ఈబీఎస్సా (సర్వర్ ఆపినా డేటా నిలిచే విడి డిస్క్) కాదా ముందే చూసుకోండి. బ్రోకర్లను ఒక్కొక్కటిగానే ఆపండి. అండర్ రెప్లికేటెడ్ కౌంట్ (కాపీలు తక్కువైన కాఫ్కా పార్టిషన్ల సంఖ్య) సున్నాకి వచ్చాకే తర్వాతి దాని జోలికి వెళ్లండి.