స్లావిక్ పేరుకి అర్థం మనమే విడదీసి తెలుసుకోవడం ఎలా

పిల్లల పేర్ల సైట్లలో వ్లాదిమీర్ అంటే శాంతి పాలకుడు అని రాసేస్తుంటారు, కానీ అక్కడ ఆగిపోవద్దు, పాత స్లావిక్ పేర్లు, అంటే రష్యా, ఉక్రెయిన్, పోలండ్, సెర్బియా లాంటి చోట్ల వాళ్ళ భాషల్లోని పేర్లు, చాలావరకు రెండు ముక్కల సమాసాలే కాబట్టి మనమే విడదీసుకోవచ్చు.

ముందు పేరు చివర చూడండి. స్లావ్ అని ఉంటే కీర్తి, మన సంస్కృతం శ్రవస్‌కి చుట్టమే అది. ఆ తర్వాత మొదటి ముక్క పట్టుకోండి. యారోస్లావ్‌లో యార్ అంటే ఉగ్రం, బోలెస్లావ్‌లో బోలె అంటే ఇంకా ఎక్కువ. ఆడపిల్లకైతే చివర దీర్ఘం, మిరోస్లావా అన్నట్టు.

మీర్ వస్తే మాత్రం తొందరపడకండి. పాత భాషలో మేర్ అంటే గొప్ప, పేరుమోసిన అని, తర్వాత్తర్వాత జనం దాన్ని శాంతి, లోకం అనే అర్థం ఉన్న మిర్‌తో కలిపేశారు, అందుకే వ్లాదిమీర్ మొదట్లో ఏలికలో గొప్పవాడు అన్నమాట. ఉక్రెయిన్‌లో వొలోదిమిర్ అనేదీ ఇదే పేరు.

ఇంకోటి, అసలు అది స్లావిక్ పేరేనా అని చూడాలి. 988లో కీవ్ రాజు వ్లాదిమీర్ బాప్తిస్మం తీసుకుని వసీలీ అయ్యాడు, అప్పట్నుంచి చర్చి పేర్లు బాగా పాకాయి. ఇవాన్ హీబ్రూ నుంచి, యూరి గ్రీకు నుంచి, మన దగ్గర కూడా పెట్టుకునే నటాషా లాటిన్ నుంచి వచ్చాయి. ఓల్గా, ఇగోర్ అయితే స్కాండినేవియా వాళ్ళవి.

నాకు బాగా నచ్చేవి మాత్రం దిష్టి తగలకుండా పెట్టే పేర్లు. నెక్రాస్ అంటే అందం లేనివాడు. సెర్బియన్ లిపిని సంస్కరించిన వూక్ కరాజిచ్ 1787లో పుట్టాడు, అతనికంటే ముందు పుట్టినోళ్ళు దక్కలేదని, తోడేలంటే మంత్రగత్తెలు దగ్గరికి రారనే నమ్మకంతో తల్లిదండ్రులు వూక్, అంటే తోడేలు అని పెట్టారు. మన ఊళ్ళలో పెంటయ్య అని పెట్టింది కూడా సరిగ్గా ఈ భయంతోనే కదా! అందుకే అర్థం తిట్టులా కనిపిస్తే తప్పుగా విడదీశాం అనుకోకండి, ఆ పేరు వెనక బిడ్డ బతకాలనే ఆరాటం ఉండొచ్చు.

ముద్దుపేర్లని నేరుగా విడదీయొద్దు. స్లావా అని పిలుస్తున్నారంటే యారోస్లావ్ కావచ్చు, వ్యాచెస్లావ్ కావచ్చు, స్తానిస్లావ్ కావచ్చు, ముందు పూర్తి పేరు కనుక్కోండి.