సైటులో వాననీటి ప్రీకాస్ట్ కాలువ తప్పు చేస్తే: లక్షణం, కారణం, పరిష్కారం

ముందే ముక్కలుగా (యూనిట్లుగా) పోతపోసి తెచ్చే ప్రీకాస్ట్ వాననీటి కాలువ పొంగగానే సైటులో మొదట వినిపించే మాట, "ఇంకా పెద్ద సైజు తెప్పించాల్సింది" అని. గోడ పగలగానే వినిపించేది, "సరుకు నాసిరకం" అని. రెండూ కొన్నిసార్లు నిజమే. కానీ నేను తవ్వించి చూసిన కాలువల్లో చాలావాటికి అసలు లోపం వేరే చోట ఉంది. నిర్మాణం పూర్తయ్యాక ఆవరణ ఎలా ఉంటుందో ఊహించుకుని వాటిని ఎంచుకున్నారు. కాలువకు కష్టకాలం అంతకంటే ముందే వస్తుంది. చుట్టూ పచ్చిమట్టి ఉంటుంది, పైనుంచి లారీలు తిరుగుతాయి, పక్కనుంచి సిమెంటు నీళ్లు వచ్చి పడతాయి, చివర కలవాల్సిన గుంట ఇంకా సగమే తవ్వి ఉంటుంది. ఆ రోజులను తట్టుకునే కాలువ తర్వాతి రోజులనూ తట్టుకుంటుంది. అందుకే కొత్త సరుకుకు ఆర్డరు రాసే ముందు, ఉన్న కాలువ ఏం చెబుతోందో చూడండి.

మామూలు వానకే పొంగుతోంది

వాన పడుతుండగానే వెళ్లి చూడాలి. వాన వెలిశాక చూస్తే సగం సాక్ష్యం పోతుంది. పొంగు చివరి నుంచి మొదలై ఎగువకు పాకుతుంటే కారణం చివరే ఉంది. కాలువ కలిసే గుంటలో నీటిమట్టం కాలువ అడుగు కన్నా పైకి చేరి, నీరు వెనక్కి ఎగదన్నుతోంది. ఎంత వెడల్పు కాలువ తెచ్చినా ఇది మారదు. గుంటను లోతు చేయాలి, లేదా అక్కడి నుంచి నీరు బయటకు పోయే దారిని తెరవాలి. మధ్యలో ఒకచోటే పొంగి, దాని దిగువన కాలువ సగం ఖాళీగా కనిపిస్తే ఆ చోటే అడ్డు ఉంది. మొదలు నుంచి చివరిదాకా ఒకేలా నిండుగా పారుతూ పొంగితే, అప్పుడు మాత్రమే సైజు గురించి మాట్లాడాలి.

సైజు లెక్క కష్టమైనదేమీ కాదు. నీరు వచ్చి చేరే స్థలం చదరపు మీటర్లలో, వాన తీవ్రత గంటకు మిల్లీమీటర్లలో తీసుకుని, ఆ వానలో నేల ఇంకించుకోకుండా వదిలేసే వంతుతో గుణించి 3600తో భాగిస్తే, సెకనుకు ఎన్ని లీటర్లు వస్తాయో తెలుస్తుంది. స్థలం 5000 చదరపు మీటర్లు, వాన గంటకు 60 మిల్లీమీటర్లు, వంతు 0.6 అనుకుందాం. సెకనుకు 50 లీటర్లు వస్తాయి. రేపు అదే స్థలమంతా గచ్చు, రోడ్లు పడితే వంతు 0.9 దాకా పోతుంది, నీరు 75 లీటర్లవుతుంది.

ఈ నీటికి లోపలి కొలత 300 మిల్లీమీటర్ల వెడల్పు, 300 లోతు ఉన్న కాలువ సరిపోతుందా? పైన 75 మిల్లీమీటర్లు ఖాళీ వదిలి, 200కి 1 వాలులో (200 మీటర్లకు ఒక మీటరు దిగేలా) వేస్తే, కాంక్రీటు గరుకుదనానికి 0.013 అంకె తీసుకుని, కాలువలో పారే నీటిని లెక్కగట్టే మ్యానింగ్ సూత్రం ప్రకారం సుమారు 74 లీటర్లు మోస్తుంది. కాగితం మీద ఇప్పటి అవసరానికి బాగానే ఉంది. అదే కాలువను 500కి 1 వాలులో వేస్తే 47 లీటర్లే. వాలు 200కి 1 ఉన్నా అడుగున 100 మిల్లీమీటర్ల పూడిక చేరితే 34కి పడిపోతుంది. పూడిక గరుకును కూడా లెక్కలోకి తీసుకుంటే ఇంకా తక్కువ. అంటే అరచేయి వెడల్పు మట్టి చేరితే కాలువ సగానికి పైగా శక్తిని పోగొట్టుకుంటుంది. పెద్ద సైజు తెప్పించాలన్న మాట వినిపించినప్పుడు నేను ముందు అడిగేది పార గురించే.

పూడిక తీసినా పొంగుతుంటే వెడల్పు పెంచడం నిజంగానే పనిచేస్తుంది. పై కాలువనే అదే లోతు నీటితో 600 వెడల్పు చేస్తే సుమారు 187 లీటర్లు పారుతుంది. వెడల్పు రెట్టింపైతే నీరు రెండున్నర రెట్లయింది, ఎందుకంటే పక్కగోడల రాపిడి వాటా తగ్గింది. కానీ దీనికి మరో ముఖం ఉంది. చిన్న వానకు ఆ వెడల్పైన చదును అడుగు మీద నీరు పలచగా పరుచుకుని నెమ్మదిస్తుంది, మోసుకొచ్చిన మట్టిని అక్కడే దించేస్తుంది. పచ్చిమట్టి ఉన్న సైటులో చదును అడుగు కన్నా గుండ్రని అడుగు, లేదా మధ్యలోకి ఏటవాలుగా దిగే అడుగు ఉన్న కాలువ మేలు. కొద్ది నీరు వచ్చినా ఒకచోట చేరి వేగంగా పోతుంది.

కాలువ మలుపు తిరిగే చోట, రెండు కాలువలు కలిసే చోట, చివరి గుంటకు ముందు పూడిక గుంటలు ఉండాలి. వాటి అడుగు కాలువ అడుగు కన్నా లోతుగా ఉండాలి. రెండూ ఒకే మట్టంలో ఉంటే ఆ గుంటలో మట్టి నిలవదు.

వాన వెలిసి రెండు రోజులైనా నీరు నిలిచే ఉంది

అక్కడక్కడా మడుగులు కడితే కాలువ కింద వేసిన పరుపు కుంగింది. కాలువ పొడవునా నిలిస్తే అసలు వాలే లేదు. ఎగువన బకెట్టు నీళ్లు పోసి, ఎక్కడ ఆగుతాయో సుద్దతో గుర్తు పెట్టండి. తర్వాత ప్రతి జాయింటు దగ్గర అడుగు మట్టం తీయండి. యూనిట్ల పై అంచు మీద రసమట్టం పెట్టి చూసి సరే అనుకోవడం తప్పు. నీరు పారేది అడుగున, అక్కడే కొలవాలి.

చదునైన ఆవరణలో ఈ సమస్య ఎంపికలోనే పుడుతుంది. 200కి 1 వాలు కావాలంటే 100 మీటర్ల పొడవులో అడుగు అర మీటరు దిగాలి. పై అంచు నేలకు సమానంగా ఉండాలి కాబట్టి మొదట 300 లోతున్న కాలువ చివరికి 800 కావాలి. అన్నీ ఒకే లోతు యూనిట్లు కొంటే అది కుదరదు. దానికోసం అడుగును వాలుతోనే పోతపోసిన యూనిట్లు, లేదా దశలవారీగా లోతు పెరిగే యూనిట్లు దొరుకుతాయి. వాలుతో వచ్చే యూనిట్లకు వరస సంఖ్య, నీరు పారే దిశ చూపే బాణం ఉంటాయి. లారీ నుంచి దింపేటప్పుడు వరస కలిసిపోతే అడుగు రంపం పళ్లలా తయారవుతుంది. పని చివరి గుంట దగ్గర మొదలుపెట్టి ఎగువకు రావాలి.

పరుపు కుంగిన చోట సరైన పరిష్కారం ఒక్కటే. యూనిట్లు పైకి లేపి, కింది మెత్తమట్టి తీసేసి, నేలను దిమ్మిసతో గట్టిపరచి, పలచని కాంక్రీటు పరుపు వేసి మళ్లీ దించాలి. కాలువ అడుగున సిమెంటు మాలు పూసి వాలు తేవడం చాలాచోట్ల చూశాను. పలచటి పూత పెచ్చులుగా లేస్తుంది, ఆ పెచ్చులే దిగువన అడ్డుపడతాయి. దయచేసి ఆ పని చేయించవద్దు.

కాలువ ఖాళీగా ఉంది, నీరంతా పక్కన నిలిచింది

కాలువ అంచు నేలకన్నా ఎత్తుగా ఉంది. వేసినప్పుడు సమానంగానే ఉండి ఉంటుంది. పక్కన నింపిన మట్టిని సరిగా కుదించకపోవడంతో మొదటి వానలకే అది కిందికి దిగిపోయింది. ఇది చూడటానికి చిన్న లోపమే. కానీ నీరు గోడ వెనక దారి చేసుకుని పారుతూ పరుపును కడిగేస్తుంది. పక్కమట్టిని 150 నుంచి 200 మిల్లీమీటర్ల పొరలుగా, రెండు వైపులా ఒకే ఎత్తులో నింపుతూ కుదించాలి. పూర్తయ్యాక నేల కాలువ అంచు కన్నా కొన్ని మిల్లీమీటర్లు పైనే ఉండాలి.

గోడ పగిలింది

ఇక్కడ తొందరపడి ఎవరినీ నిందించవద్దు. పగులు తన కారణాన్ని తానే చెబుతుంది.

గోడ, అడుగు కలిసే మూల వెంట పొడవునా చీలితే పక్కనుంచి వచ్చిన ఒత్తిడి. ఒకవైపే మట్టి నింపి ఉంటారు, లేదా అంచు పక్కనే రోలరు నడిపి ఉంటారు. యూనిట్ మధ్యలో అడ్డంగా చీలితే కింద పరుపులో డొల్ల ఉంది, లేదా ఎత్తేటప్పుడు గొలుసు తప్పుచోట వేశారు. పోతలో పెట్టిన కొక్కేలనే వాడాలి. అవి లేకపోతే రెండు చివరల నుంచి పొడవులో అయిదో వంతు లోపలికి పట్టీలు వేసి ఎత్తాలి. పై అంచు మాత్రమే చిట్లితే చక్రం దెబ్బ, లేదా కదిలే మూత దెబ్బ. పైపైన కనిపించే వెంట్రుకవాసి గీతలు తరచుగా కాంక్రీటు ఆరినప్పుడు వచ్చినవే. వాటిని గుర్తు పెట్టుకుని, పెరుగుతున్నాయేమో చూస్తే చాలు.

ఇవేవీ కాకుండా బరువుకే విరిగితే, బరువు తరగతి చూడాలి. ఐరోపా ప్రమాణం ఈఎన్ 1433 ఈ కాలువలను ఏ 15, బి 125, సి 250, డి 400, ఈ 600, ఎఫ్ 900 అని విడదీస్తుంది. అంకె పరీక్షలో వేసే బరువు, కిలోన్యూటన్లలో (ఒక కిలోన్యూటన్ అంటే సుమారు 100 కిలోల బరువు). ఏ 15 నడిచేవారికి, సైకిళ్లకు. బి 125 కాలిబాటలకు, కార్లు నిలిపే చోట్లకు. డి 400 వాహనాలు తిరిగే రోడ్లకు. పూర్తయ్యాక అది కాలిబాటే అవుతుందని నక్షాలో బి 125 రాస్తారు. ఈలోగా నిండు కాంక్రీటు మిక్సరు రోజూ దానిమీదుగానే వెళుతుంది.

ఇదే ప్రమాణంలో చాలామంది దాటేసే మరో అక్షరం ఉంది. ఐ రకం కాలువ తనంతట తానే ఆ బరువు మోస్తుంది. ఎం రకం మోయాలంటే చుట్టూ కాంక్రీటు ఆసరా తప్పనిసరి. ఒక సైటులో డి 400 అని ముద్ర ఉన్న కాలువ మొదటి నెలలోనే పొడవునా పగిలింది. సరఫరాదారుతో తగవు మొదలయ్యాక తవ్వి చూశాం. అది ఎం రకం, పక్కన ఉన్నది మట్టి. ముద్ర అబద్ధం చెప్పలేదు, మేం దానిలో సగమే చదివాం. ఆర్డరులో తరగతితో పాటు రకం కూడా రాయించండి. పక్క కాంక్రీటు వేసేంత చోటు, తీరిక లేని సైటుకు ఐ రకమే అడగండి.

పగిలిన యూనిట్ చీలిక గోడ మందమంతా దాటితే మార్చడమే దారి. బండ్లు దాటే చోట తాత్కాలికంగా మందపాటి ఇనుప పలక వేయవచ్చు. కానీ దాని చివరలు కాలువ గోడల మీద కాకుండా, అవతల గట్టినేల మీద ఆనాలి. నెలల తరబడి బండ్లు తిరిగే దారైతే ఆ కొద్ది పొడవుకు కాలువ బదులు పెట్టె ఆకారపు ప్రీకాస్ట్ తూము వేయడం మంచిది.

జాయింట్ల పక్కన నేల గుంటలు పడుతోంది

జాయింటు కారుతోంది, నీటితో పాటు సన్నమట్టి లోపలికి వస్తోంది. కాలువలో ఆ చోట చిన్న మట్టికుప్ప కనిపిస్తుంది. సిమెంటు మాలు గట్టిది, నేల కొద్దిగా కదిలినా చీలుతుంది. కుంగే స్వభావం ఉన్న నేలకు ఒకదానిలో ఒకటి ఇమిడే గాడి, నాలుక ఉన్న యూనిట్లు ఎంచుకుని, మధ్యలో సాగే గుణమున్న బిటుమెన్ (తారు) లేదా బ్యూటైల్ రబ్బరు పట్టీ పెట్టాలి. ఇప్పటికే వేసినదానికి బయటివైపు తవ్వి, జాయింటు మీద నీటిని వదిలి మట్టిని ఆపే జియోటెక్స్‌టైల్ గుడ్డ చుట్టి మళ్లీ మట్టి నింపాలి. లోపలినుంచి ఎంత పూసినా మట్టి రావడం ఆగదు.

కాలువ పైకి లేచింది

నమ్మబుద్ధి కాదు గానీ కాంక్రీటు కాలువ తేలుతుంది. లోపల 600 వెడల్పు, 600 లోతు, 75 మిల్లీమీటర్ల మందం గోడలున్న యూనిట్ మీటరుకు సుమారు 350 కిలోల బరువు. తవ్విన కందకంలో నీరు దాని అడుగు నుంచి 47 సెంటీమీటర్లు నిండితే, లోపల ఖాళీగా ఉన్న ఆ యూనిట్ లేస్తుంది. లోపల 300 వెడల్పు, 300 లోతున్న చిన్న యూనిట్ అదే మందంతో మీటరుకు 189 కిలోలు ఉంటుంది. అంచుదాకా మునిగినా నీటి ఎత్తుడు 169 కిలోలే, కాబట్టి కదలదు. అంటే పెద్ద సైజు తెచ్చినప్పుడు ఈ ప్రమాదమూ దానితో వస్తుంది. దించిన రోజే పక్కమట్టి నింపండి. వాన ముంచుకొస్తే లోపలికి నీళ్లు వదలండి. భూగర్భజలం పైనే ఉండే చోట, గోడల్లో నీరు లోపలికి దిగే రంధ్రాలున్న యూనిట్లు తీసుకుని, వాటి వెనక జియోటెక్స్‌టైల్, కంకర పెట్టండి. లేచిన యూనిట్‌ను పైనుంచి తవ్వే యంత్రం బకెట్‌తో నొక్కించవద్దు. కిందికి చేరిన బురద తీయకుండా అది పాత మట్టానికి రాదు.

చివర నేల కోసుకుపోతోంది

మొదట లెక్కవేసిన 300 వెడల్పు, 200కి 1 వాలు కాలువలో నీరు సెకనుకు మీటరుకు పైగా వేగంతో బయటికొస్తుంది. సన్నని ఇసుకనేల అందులో సగం వేగానికే కదలడం మొదలుపెడుతుంది. చివర జియోటెక్స్‌టైల్ మీద పెద్ద రాళ్లు పరిచి నీరు వెడల్పుగా విచ్చుకునేలా చేయాలి. లేకపోతే కోత వెనక్కి పాకి చివరి యూనిట్ కింద డొల్ల చేస్తుంది.

అడుగున గట్టిపడిన సిమెంటు

మిక్సరు కడిగిన నీళ్లు ఈ కాలువలోకి రాకూడదు. అవి గట్టి క్షారం, దిగువన చేపలను, మొక్కలను చంపుతాయి. వాటికి వేరే గుంట తవ్వి లోపల ప్లాస్టిక్ పట్టా పరచండి. ఇప్పటికే గట్టిపడినదాన్ని చిన్న ఉలితో పెచ్చులుగా తీయించాలి. ఆమ్లం పోస్తే కాలువ కాంక్రీటునూ తినేస్తుంది.

మూతలు కదులుతున్నాయి, లేదా కదలనే కదలవు

దడదడలాడే మూత కింద ఇసుక రేణువులు చేరి ఉంటాయి, లేదా ఆనే అంచు ఎగుడుదిగుడుగా ఉంటుంది. తుడిచి, రబ్బరు పట్టీ వేస్తే చాలు. రెండోది ఎక్కువ నష్టం చేస్తుంది. 600 పొడవు, 450 వెడల్పు, 75 మందం ఉన్న కాంక్రీటు మూత దాదాపు 49 కిలోలు. పట్టుకునే కొక్కెం కూడా లేకపోతే దాన్ని ఎవరూ ఎత్తరు, ఎత్తకపోతే పూడిక ఎవరికీ కనపడదు. పని జరిగే కాలమంతా కనీసం పూడిక గుంటల మీదైనా ఒకరు ఎత్తగలిగే ఇనుప జాలీ పెట్టించండి. వాన వెలిసిన ప్రతిసారీ దాన్ని తెరిచి కర్రతో లోతు కొలిచే మనిషి ఎవరో, పేరుతో సహా సైటు పుస్తకంలో రాయించండి.