రెజిన్ ఇన్ఫ్యూజన్‌లో వాక్యూమ్ సమస్యలు: తప్పు పంపుదా, బ్యాగ్‌దా?

రెజిన్ ఇన్ఫ్యూజన్ అంటే మోల్డ్ మీద పరిచిన ఫైబర్‌ను ప్లాస్టిక్ బ్యాగ్‌తో మూసి, పంపుతో లోపలి గాలి తీసేసి, ఆ వాక్యూమ్‌తోనే రెజిన్‌ను లోపలికి లాగించడం. గేజ్ ముల్లు అనుకున్న చోటికి రాకపోతే అందరి చూపూ ముందు పంపు మీదకే పోతుంది. చాలాసార్లు పాపం దానిది కాదు. పంపుకీ రెజిన్ ట్రాప్‌కీ (రెజిన్ పంపులోకి పోకుండా పట్టే డబ్బాకీ) మధ్య ఒక బాల్ వాల్వు, దానికి రెండు వైపులా చెరో గేజ్ ఉంటే తప్పు ఎటువైపుందో నిమిషంలో తెలిసిపోతుంది. అవి లేకుండా పంపు విప్పడం మొదలుపెట్టకండి.

కింది ఒత్తిడి అంకెలన్నీ అబ్సల్యూట్ మిల్లీబార్లలో ఉన్నాయి. అంటే సున్నా పూర్తి శూన్యం, 1013 సముద్రమట్టం దగ్గర గాలి ఒత్తిడి. మామూలు డయల్ గేజ్ బయటి గాలితో పోల్చి చూపిస్తుంది. సముద్రమట్టం నుంచి పైకి వెళ్లేకొద్దీ ప్రతి 100 మీటర్లకు గాలి ఒత్తిడి సుమారు 11, 12 మిల్లీబార్లు తగ్గుతుంది. కాబట్టి ఎత్తు ప్రాంతంలో డయల్ ముల్లు చివరిదాకా పోలేదని కంగారు పడక్కర్లేదు.

వాక్యూమ్ సరిపడా దిగడం లేదు

బాల్ వాల్వు మూసి పంపు వైపు గేజ్ చూడండి. ఆరోగ్యంగా ఉన్న ఆయిల్ రోటరీ వేన్ పంపు (లోపల వేన్లనే రెక్కలు తిరిగేది) కొద్ది సెకన్లలోనే కొన్ని మిల్లీబార్లకు దిగిపోవాలి. దిగితే పంపు బాగున్నట్టే, తర్వాతి భాగానికి వెళ్లండి.

దిగకపోతే ముందు ఆయిల్ మట్టం, తర్వాత ఆయిల్ రంగు చూడండి. పాలలా తెల్లబడితే నీళ్లు కలిశాయి. పంపు వేడెక్కాక గ్యాస్ బ్యాలస్ట్ (పంపులోకి కొంచెం గాలి వదిలే చిన్న వాల్వు) తెరిచి అరగంట నడిపితే చాలావరకు ఆవిరైపోతాయి. అప్పటికీ తేరుకోకపోతే వేడి మీదే ఆయిల్ మార్చేయండి. స్టైరీన్ (కొన్ని రెజిన్లలో ఉండే ద్రావకం) వాసన వస్తున్నా మార్చాల్సిందే. పని అయ్యాక బ్యాలస్ట్ మూయడం మర్చిపోతే పంపు బాగున్నా అడుగుకు దిగదు. ఇవేవీ కాకపోతేనే వేన్లు, సీళ్లు అరిగాయని అనుమానించాలి.

పంపు నడుస్తుంటే బాగుంది, ఆపితే నిలవడం లేదు

అసలు పేచీ ఇక్కడే. పెద్ద పంపు లీకును దాచేస్తుంది. గాలి లోపలికి వస్తున్నా అంతకంటే వేగంగా తోడేస్తుంది కాబట్టి గేజ్ అందంగా కనిపిస్తుంది. ఆ ధైర్యంతో రెజిన్ వదిలితే లీకు దారంతా బుడగలు మిగులుతాయి. పంపు నడుస్తుండగా చూసిన అంకెను లెక్కలోకి తీసుకోకండి.

పూర్తి వాక్యూమ్‌కు తెచ్చాక వాల్వు మూసి, బ్యాగ్ వైపు గేజ్‌ను గమనించండి. తయారుచేసే భాగం చిన్నదైతే, 10 నిమిషాల్లో పెరుగుదల 5 మిల్లీబార్లు దాటితే నేను రెజిన్ కలపను. పెరిగే తీరు కూడా చూడాలి. ఒకే వేగంతో పెరుగుతూ పోతే లీకు. మొదట పెరిగి క్రమంగా నెమ్మదించి ఒక చోట ఆగితే బహుశా తేమ. ఫైబర్‌లోనో కోర్‌లోనో (ఫైబర్ పొరల మధ్య పెట్టే తేలికైన పలకలోనో) నీళ్లున్నాయి. బ్యాగ్ అంచుల్ని మోల్డ్‌కు అంటించే సీలెంట్ టేపు ఎంత నొక్కినా తేమ పోదు, ఇంకాసేపు పంపు నడిపి ఆరనివ్వాలి. 30 డిగ్రీల దగ్గర నీటి ఆవిరి ఒత్తిడే 42 మిల్లీబార్ల వరకు ఉంటుంది.

లీకు అయితే ముందు సీలెంట్ టేపు మీదుగా అడ్డంగా పడిన ఫైబర్ పోగుల కోసం వెతకండి. ఒక్క పోగు చాలు, పిల్లనగ్రోవిలా గాలికి దారి ఇస్తుంది. తర్వాత మడతల మూలలు, పైపు బ్యాగ్‌లోకి దూరే చోటు. అల్ట్రాసోనిక్ లీక్ డిటెక్టర్ ఉంటే పని తేలిక. అన్నీ బిగించినా నిలవకపోతే మోల్డ్ మీదే అనుమానం. ఖాళీ మోల్డ్ మీద బ్యాగ్ వేసి విడిగా పరీక్షించండి.

రెజిన్ పారుతుండగా బుడగలు

ఒకే చోటి నుంచి వరసగా వస్తుంటే లీకు. పరీక్షలో బాగున్న బ్యాగ్ ఇన్‌లెట్ (రెజిన్ లోపలికి వచ్చే పైపు) తెరవగానే బుడగలు కక్కితే, క్లాంపుకీ రెజిన్ బకెట్‌కీ మధ్య పైపు చూడండి. పరీక్ష అప్పుడు ఆ ముక్క క్లాంపుకి అవతల ఉంటుంది. పైపు కొస రెజిన్‌లోంచి పైకి తేలినా ఇదే జరుగుతుంది.

వెంట్ (గాలి పంపు వైపు పోయే చోటు) దగ్గర అంతటా నురగ వస్తుంటే వాక్యూమ్ ఎక్కువైంది. పాలిస్టర్, వినైల్ ఎస్టర్ రెజిన్లలో స్టైరీన్ ఉంటుంది. 20 డిగ్రీల దగ్గర సుమారు 6, 7 మిల్లీబార్లకే అది మరుగుతుంది, వేడి పెరిగితే ఇంకా ముందే. రెగ్యులేటర్‌తో కొంచెం గాలి వదిలి 50 నుంచి 100 మిల్లీబార్ల మధ్య ఉంచండి. ఎపాక్సీలో స్టైరీన్ లేదు, ఇంకా కిందికి పోవచ్చు. కానీ కలిపేటప్పుడు చేరిన గాలిని ముందే డీగ్యాస్ చేయకపోతే (వాక్యూమ్‌లో పెట్టి తీసేయకపోతే) అక్కడా నురగే.

రెజిన్ ట్రాప్ దాటి పంపులోకి పోయింది

పంపు ఆపే ముందు బ్యాగ్ వైపు పైపు బిగించండి, లేకపోతే తయారవుతున్న భాగం కూడా పాడవుతుంది. రెజిన్ గట్టిపడక ముందే పంపు ఆయిల్ తీసేసి, కొత్త ఆయిల్ పోసి కొంచెంసేపు నడిపి మళ్లీ తీసేయండి. శుభ్రంగా వచ్చేదాకా ఇలాగే. గట్టిపడితే విప్పడమే గతి. ఇకముందు ట్రాప్‌లో పంపు వైపు పైపు కొస మూత దగ్గరే ఉండేలా, కింద గిన్నె ఉండేలా చూడండి. ట్రాప్‌లో ఎక్కువ రెజిన్ చేరితే క్యూరింగ్ (రెజిన్ గట్టిపడే) వేడికి ప్లాస్టిక్ గిన్నెలు మెత్తబడి కుంగిపోతాయి.

మధ్యలో కరెంటు పోయింది, లేదా పంపు ట్రిప్ అయింది

ఆగిన పంపు గుండా గాలి, ఆయిల్ వెనక్కి లైన్‌లోకి వస్తాయి. నాన్ రిటర్న్ వాల్వు ఉన్నా చేత్తో బాల్ వాల్వు మూయండి, ఇన్‌లెట్ కూడా బిగించండి. పై పరీక్షలో నెగ్గిన బ్యాగ్ అయితే టెన్షన్ అక్కర్లేదు, కాస్త టైమ్ దొరుకుతుంది. పంపు మళ్లీ నడిచాక, మూసిన వాల్వు మీదే దాన్ని పూర్తి వాక్యూమ్‌కు తెచ్చి ఆ తర్వాతే వాల్వు మెల్లగా తెరవండి. సన్నటి, పొడవాటి ఎక్స్‌టెన్షన్ వైరు, చల్లబడి చిక్కబడిన ఆయిల్ ట్రిప్‌కు మామూలు కారణాలు.

ఎగ్జాస్ట్‌లో పొగ

బ్యాగ్ ఖాళీ అవుతున్న మొదటి నిమిషాల్లో మామూలే. ఆగకుండా వస్తుంటే పెద్ద లీకు ఉంది, లేదా ఆయిల్ ఎక్కువ పోశారు, లేదా ఎగ్జాస్ట్ ఫిల్టర్ నిండింది.

పంపు ఎప్పుడు ఆపాలి?

బకెట్‌లో మిగిలిన రెజిన్ గట్టిపడిందని ఆపకండి. అక్కడ ముద్దగా ఉండి వేడెక్కి తొందరగా గట్టిపడుతుంది, మోల్డ్ మీది పలచటి పొర వెనకబడుతుంది. బ్యాగ్ పైనుంచి అంచుల్లోని రెజిన్‌ను గోటితో నొక్కి చూడండి. గుంట పడితే ఇంకా నడవనివ్వండి.