ఫైలులోని డేటా చెదరకుండా భద్రపరచడం ఎలా

పైథాన్ ప్రోగ్రామింగ్ భాషలో ఒక ఫైలును ‘డబ్ల్యూ’ (రాసే) మోడ్‌లో తెరిచిన క్షణంలోనే, మనం ఇంకా ఒక్క అక్షరమైనా రాయకముందే, అందులోని పాత సమాచారమంతా తుడిచిపెట్టుకుపోతుంది. సరిగ్గా అప్పుడే కరెంటు పోతే పాతదీ దక్కదు, కొత్తదీ మిగలదు. నా ఇంటి ఖర్చుల లెక్కల ఫైలు ఒకసారి ఇలాగే సున్నా బైట్లతో మిగిలింది. అప్పటినుంచి అసలు ఫైలుపై నేరుగా రాయడం మానేశాను.

ముందుగా అదే ఫోల్డరులో ఒక తాత్కాలిక ఫైలు తెరిచి, డేటా మొత్తాన్ని అందులో రాయండి. తర్వాత ‘ఫ్లష్’ను పిలవండి, అయితే అది బఫర్‌లో (రాసినది తాత్కాలికంగా నిలిచే మెమరీలో) ఉన్నదాన్ని ఆపరేటింగ్ సిస్టమ్‌కు అప్పగిస్తుందే తప్ప డిస్కు మీదికి చేర్చదు కాబట్టి, వెంటనే ‘ఓఎస్.ఎఫ్‌సింక్’ను కూడా పిలవడం తప్పనిసరి. ఫైలును మూసిన తర్వాత ‘ఓఎస్.రీప్లేస్’తో దానికి అసలు పేరు ఇవ్వండి. లినక్స్‌లో ఈ మార్పు ఒక్క అడుగులో జరుగుతుంది: ఆ పేరుతో తెరిచేవారికి పూర్తి పాతదో పూర్తి కొత్తదో కనిపిస్తుంది గాని, సగం రాసినది కనిపించదు. తాత్కాలిక ఫైలు వేరే డిస్కు విభాగంలో ఉంటే ఈ పని విఫలం కావచ్చు; అదే ఫోల్డరు అన్నది అందుకే.

తెలుగు రాసేటప్పుడు ఎన్‌కోడింగ్ (అక్షరాలను బైట్లుగా మార్చే పద్ధతి) యూటీఎఫ్-8 అని స్పష్టంగా చెప్పండి. ‘తెలుగు’ అన్న మాటకు అందులో 18 బైట్లు పడతాయి. విండోస్‌లో డిఫాల్ట్‌కు వదిలేస్తే ఆ అక్షరాలు రాయలేక ప్రోగ్రామ్ మధ్యలోనే ఆగిపోవచ్చు.

పాస్‌వర్డుల వంటివి ఉన్న ఫైలుకు 600 అనుమతిని (యజమాని మాత్రమే చదవగల, రాయగల అనుమతిని) సృష్టించేటప్పుడే పెట్టాలి. తర్వాత పెడితే ఆ మధ్యలో ఇతరులు చదివే వీలుంటుంది. లినక్స్‌లో ‘టెంప్‌ఫైల్’ మాడ్యూల్‌లోని ‘ఎంకేఎస్‌టెంప్’ ఆ పని తానే చేస్తుంది, ఫోల్డరు పేరు మాత్రం మీరే ఇవ్వాలి.