చెనక్కాయ రకాల తూకం - 3: కట్టెకెంత, కాయకెంత

పోయిన పాఠంలో మీటరు సాలులో మొక్కలు పీకడం దాకా వచ్చాం. ఈసారి వాటిని ఎండబెట్టి తూచి, పెరిగిన బరువులో కట్టెకు (అంటే కాడ, ఆకు) ఎంత, కాయకు ఎంత పోయిందో లెక్క కట్టాలి.

పచ్చి బరువు మాత్రం నమ్మొద్దు. పచ్చి మొక్కలో ముప్పావు వంతు దాకా నీళ్లే, పైగా నిన్న వాన పడితే ఒక బరువు, వారం బెట్టకొస్తే ఇంకో బరువు. అందుకే కాయలు, ఊడలు (పువ్వు నుంచి నేలలోకి దిగి కాయ కట్టే కాడలు) ఒక కాగితపు సంచిలో, కట్టె ఇంకో సంచిలో పెట్టి, ఓవెన్‌లో 70 డిగ్రీల దగ్గర రెండు మూడు రోజులు, తూకం ఇక తగ్గదు అన్నదాకా ఎండబెట్టాలి. నేను మొదటిసారి పాలిథిన్ కవర్లో కట్టి ఒక రాత్రి అలాగే వదిలేశాను, పొద్దున్నకి ఆవిరి పట్టి మెత్తబడి ఆ ప్లాటు లెక్కంతా పోయింది. ఇంకోటి, మన అనంతపురం ఎర్రనేల ఆరిందంటే రాయే, మొక్క పైకొస్తుంది గానీ కాయ లోపలే తెగిపోతుంది. తవ్వి ఏరుకోండి. రాలిన ఆకు కూడా ఏరండి, లేకపోతే కట్టె తక్కువ తూగి, కాయ వాటా ఉన్నదానికంటే ఎక్కువ కనపడుతుంది.

ఇప్పుడు లెక్క. సాళ్ల మధ్య 30 సెంటీమీటర్లుంటే మీటరు సాలు అంటే 0.3 చదరపు మీటరు. ఒక రకంలో 60వ రోజున కట్టె 80 గ్రాములు, కాయ 10, మళ్లీ 74వ రోజున కట్టె 92, కాయ 30 అనుకుందాం. కట్టె 12 పెరిగింది, కాయ 20. ఈ రెంటినీ ఊరికే కూడితే తప్పు. గింజలో సగం దాకా నూనె, ఒక గ్రాము నూనె తయారు చేయడానికి మొక్కకు పిండిపదార్థం కంటే చాలా ఎక్కువ చక్కెర ఖర్చవుతుంది. అందుకని కాయ బరువును 1.65తో గుణిస్తారు: 20 కాస్తా 33 అయింది. మొత్తం 45. దాన్ని 0.3తో, ఆపైన 14 రోజులతో భాగిస్తే చదరపు మీటరుకు రోజుకు 10.7 గ్రాములు, ఇదీ పైరు పెరిగే వేగం. కాయ వాటా 45లో 33, అంటే 73 శాతం.

పక్క ప్లాటులో గుబురు రకం. కట్టె 95 నుంచి 121, కాయ 6 నుంచి 18. మీరే చేయండి. వేగం 10.9, దాదాపు అంతే! వాటా మాత్రం 43 శాతమే. గట్టు మీద నిలబడి చూస్తే మనం మెచ్చుకునేది దీన్నే, గొడ్లకు మేతగా మంచిదే అనుకోండి.

ఫ్లోరిడా శాస్త్రవేత్తలు పాత, కొత్త చెనక్కాయ రకాలను ఇలాగే తూచి 1978లో ఆ లెక్కలు అచ్చువేశారు. పాత డిక్సీ రన్నర్‌లో కాయ వాటా 40 శాతం, కొత్త ఎర్లీ బంచ్‌లో 98 దాకా. పైరు పెరిగే వేగంలో మాత్రం పెద్ద తేడా లేదు. దిగుబడి పెరిగిందంతా ఎక్కువగా పంపకంలోనే.

అలాగని 98 మనకు కావాలా అంటే నాకు అనుమానమే. కాయ దశలో బెట్టొచ్చి మళ్లీ వాన పడినప్పుడు, కొత్త ఆకు వేయడానికి కాస్తయినా మిగుల్చుకోని మొక్క ఇక్కడ ఏం చేస్తుంది?

కదిరి 6, కదిరి లేపాక్షి రకాలు రెండూ దగ్గర్లో ఉంటే ఊడలు దిగాక రెండు వారాల తేడాతో రెండుసార్లు తూచి వాటా కట్టండి, నాలుగో పాఠానికి ఆ అంకెలు కావాలి.