తుఫాన్ల కాలంలో పులికాట్ రోడ్ల మీద పరుగు: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

అక్టోబరు సగం గడిచిందంటే తిరుపతిలో పొద్దున్నే పరుగెత్తే వాళ్ళందరి నోటా ఒకటే మాట: "ఈ ఆదివారం సూళ్ళూరుపేట పోదామా?" పోవాలనిపించడం సహజమే. పులికాట్ సరస్సు నిండేది ఇప్పుడే, ఫ్లెమింగోలు దిగేది ఇప్పుడే. నేలపట్టు చెరువులో, నీళ్ళలో పెరిగే కడప చెట్ల మీద గూడబాతులు గూళ్ళు పెట్టేదీ ఇప్పుడే. రోడ్డుకి రెండు పక్కలా వరి నాట్లు, ముఖానికి తగిలే తడి గాలి. ఏడాది పొడవునా మన ఊరి ఎండలో పరుగెత్తిన వాళ్ళకి ఇంతకన్నా ఏం కావాలి!

కానీ మన తీరానికి అన్నిటికన్నా ప్రమాదకరమైన కాలం కూడా ఇదే. 2021 నవంబరు వానలు తిరుపతిలో చాలామందికి ఇంకా కళ్ళముందే ఉన్నాయి. అప్పుడు దెబ్బతిన్న శ్రీవారి మెట్టు దారి మళ్ళీ 2022 మేలో గానీ తెరుచుకోలేదు. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది, కానీ దానికి ముందు మన తీరం వెంబడే పైకి పాకుతూ పోయింది. ఈ రోజుల్లో సముద్రం వైపు పరుగుకి పోవద్దని నేను చెప్పను. నేనూ పోతాను. అయితే దారిని కొలిచే పద్ధతి మార్చుకోవాలి. ఎన్ని కిలోమీటర్లు అన్నది తర్వాత. తల దాచుకోవడానికి ఒక పక్కా కప్పు దాటాక మళ్ళీ పక్కా కప్పు ఎంత దూరంలో ఉంది? ముందు అది తెలియాలి.

సూళ్ళూరుపేట నుంచి శ్రీహరికోట వైపు పోయే రోడ్డే తీసుకోండి. మేము చెంగాళమ్మ గుడి దగ్గర మొదలుపెడతాం. ఆ గుడి తలుపులు రాత్రీ పగలూ మూయరు కాబట్టి తెల్లవారుజామున కూడా వెలుతురు ఉంటుంది, మనుషులు ఉంటారు. బండి పెట్టుకోవడానికి, ఎవరైనా తప్పిపోతే కలుసుకోవడానికి అంతకన్నా మంచి చోటు లేదు. ఊరు దాటి అటకానితిప్ప వచ్చేదాకా ఇళ్ళు, అంగళ్ళు కనబడుతూనే ఉంటాయి. ఆ తర్వాత అటు నీళ్ళు, ఇటు నీళ్ళు, మధ్యలో తిన్నటి రోడ్డు. ఆ చివర అంతరిక్ష కేంద్రం, మనకు లోపలికి ప్రవేశం లేదు. అందం అంతా ఆ రోడ్డు మీదే ఉంది, ప్రమాదమూ అక్కడే ఉంది. చెట్టు లేదు, ఇల్లు లేదు. ఆ చదునులో ఎత్తుగా నిలబడి ఉండేది మనమే.

మూడేళ్ళ కిందట నవంబరులో నలుగురం ఆ రోడ్డు మీద ఉన్నాం. తూర్పున దూరంగా ఉరిమింది. వెనక్కి తిరుగుదామా అని ఒకరు అడిగితే, ఇంకో రెండు కిలోమీటర్లు చూద్దాం అన్నది నేనే. పది నిమిషాల్లో గాలి ఒక్కసారిగా ఆగిపోయింది. నా మోచేతుల మీద వెంట్రుకలు లేచి నిలబడ్డాయి, చెమటతో తడిసిన చేతుల మీద కూడా. దాని అర్థం అప్పుడు నాకు తెలియదు. పిడుగు మన దగ్గరే పడబోతోందని చెప్పే ఆఖరి గుర్తు అది. అటుగా వస్తున్న వ్యాన్ డ్రైవర్ బ్రేకేసి, "ఎక్కండి సార్ ముందు, మాటలు తర్వాత" అని తలుపు తోశాడు. అద్దాలు ఎత్తాడో లేదో, మేము నిలబడిన చోటికి కాస్త అవతల నీళ్ళ మీద తెల్లగా మెరిసింది. ఆ శబ్దం చెవులతో విన్నట్టు లేదు, ఛాతీలో తగిలింది.

మనం చేసే పొరపాటు ఒకటుంది. తిరుపతిలో ఎండాకాలపు ఉరుముల వాన సాయంత్రం పూట వస్తుంది, కాబట్టి పొద్దున పరుగుకి భయం లేదని అలవాటైపోయాం. ఈశాన్య రుతుపవనాల్లో తీరం దగ్గర లెక్క వేరు. వాన చాలాసార్లు అర్ధరాత్రి దాటాక మొదలై తెల్లవారే వేళకి ముదురుతుంది. అంటే సరిగ్గా మనం షూ కట్టుకునే టైముకి.

మెరుపు కనబడితే ఉరుము వినబడేదాకా సెకన్లు లెక్కపెట్టండి. మూడు సెకన్లకి సుమారు ఒక కిలోమీటరు. ముప్పై లోపే ఉరిమిందంటే అది పది కిలోమీటర్ల లోపే ఉంది, పరుగు అక్కడితో ఆపేయాలి. ఆఖరి ఉరుము విన్నాక అరగంట గడిచేదాకా మళ్ళీ బయటికి రావద్దు. తల దాచుకోవడం అంటే పక్కా ఇల్లు, లేదా అద్దాలు ఎత్తిన కారు. ఆటో, తాటాకు పాక, ముందువైపు తెరిచి ఉండే బస్ షెల్టర్, చెట్టు కింద, ఇవేవీ పనికిరావు. అందుకే ఆ రోడ్డు మీదికి పోయేటప్పుడు మా వెంట ఒక కారు నిదానంగా వస్తూ ఉంటుంది. ఆ వారం ఎవరో ఒకరు పరుగు మానుకుని నడపాల్సిందే. వంతులు వేసుకున్నాం.

ఏ దిక్కూ లేక బయటే చిక్కుకుపోతే గుంపుగా నిలబడకండి, పదిహేను ఇరవై మీటర్ల ఎడం పాటించండి. ఇనుప రెయిలింగుకీ నీళ్ళకీ దూరంగా, పాదాలు రెండూ దగ్గరగా పెట్టి గొంతుకూర్చోండి. నేల మీద పడుకోవద్దు. ఇది కాపాడుతుందన్న హామీ లేదు, ముప్పు కొంచెం తగ్గుతుంది, అంతే. పిడుగు తగిలిన మనిషిని ముట్టుకుంటే షాక్ కొడుతుందని మన దగ్గర చాలామంది భయపడి దూరంగా నిలబడతారు. అది తప్పు. ఒంట్లో కరెంటు నిలవదు. ఊపిరి ఆడకపోతే వెంటనే ఛాతీ మధ్యలో గట్టిగా, వేగంగా నొక్కడం మొదలుపెట్టండి, ఇంకొకరు 108కి ఫోన్ చేయండి. ఫోన్లో దామిని యాప్ వేసుకోండి. పుణెలోని ఐఐటీఎం తయారుచేసిన ఆ యాప్, మన చుట్టూ 20, 40 కిలోమీటర్లలో పిడుగుల జాడ ఉంటే చూపిస్తుంది.

రెండోది నీళ్ళు. స్వర్ణముఖి చంద్రగిరి వైపు కొండల్లో పుట్టి తిరుపతి, శ్రీకాళహస్తి, నాయుడుపేట మీదుగా వాకాడు దాటి సముద్రంలో కలుస్తుంది. ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసుకే. అందువల్ల అది ఏరన్న సంగతే మరిచిపోతాం. కొండల్లో రాత్రి పడిన వాన కిందికి చేరేసరికి గంటలు పడుతుంది. వాకాడు దగ్గర ఆకాశం నిర్మలంగా ఉండగానే చప్టా మీద నీళ్ళు వచ్చేస్తాయి. సూళ్ళూరుపేట పక్కన కాళంగితోనూ అంతే.

ఒకసారి వాకాడు దాటాక ఒక చిన్న చప్టా మీద చీలమండ దాకా నీళ్ళు పారుతున్నాయి. టీ రంగు నీళ్ళు. అంచు రాళ్ళకి వేసిన తెల్ల సున్నం కూడా కనబడుతోంది. షూ విప్పి దాటేద్దామని వంగాను. మేకలు తోలుకొస్తున్న ఒక అవ్వ అరిచింది: "యాడికి నాయనా? ఆడ రోడ్డు ల్యా. రాత్రే కోసకపోయింది." నేను నమ్మనట్టు కనబడ్డానేమో, దగ్గరికొచ్చి నేను కాలు పెట్టబోయిన చోటుకి రెండడుగుల అవతల చేతికర్ర గుచ్చింది. కర్ర పిడి దాకా దిగింది.

రోడ్డు మీద నీళ్ళు కదులుతూ ఉంటే దిగొద్దు. అరడుగు నీళ్ళు చాలు, వేగంగా పారితే పెద్ద మనిషినైనా పడేస్తాయి. ముందు పోయిన బైకు దాటింది కదా అని పోవద్దు. నిలబడిన నీళ్ళలో, పొలం గట్ల బురదలో నడవక తప్పకపోతే కాళ్ళ మీద గీతలు, పుండ్లు లేకుండా చూసుకోండి, ఇంటికి రాగానే సబ్బుతో కడగండి. ఎలుకల మూత్రం కలిసిన నీళ్ళ వల్ల లెప్టోస్పైరోసిస్ వస్తుంది. పరుగెత్తే వాళ్ళకి దీంతో ఇంకో చిక్కుంది. ఆ జబ్బులో పిక్కలు విపరీతంగా నొప్పి పెడతాయి, మనమేమో లాంగ్ రన్ నొప్పులనుకుని ఊరుకుంటాం. నీళ్ళలో తిరిగిన రెండు మూడు వారాల్లో జ్వరం, పిక్కల నొప్పి, కళ్ళు ఎర్రబడటం కనిపిస్తే డాక్టరు దగ్గరికి పోండి, నీళ్ళలో తిరిగిన సంగతి కూడా చెప్పండి.

వాకాడు వైపు పోయేవాళ్ళు దుగరాజపట్నం చూడకుండా రారు. ఈస్టిండియా కంపెనీ వాళ్ళు 1626లో అక్కడ స్థావరం పెట్టుకున్నారు. వాళ్ళ నోట ఆ ఊరు ఆర్మగాన్ అయింది. అక్కడ పనిచేసిన ఫ్రాన్సిస్ డే అనే అతనే 1639లో చెన్నపట్నం స్థలం సంపాదించాడు. ఇప్పుడు ఆ పల్లెలో నిలబడితే ఇంత కథ నడిచిన చోటు ఇదేనా అనిపిస్తుంది. నాకు ఆ నిశ్శబ్దమే ఇష్టం. అక్కడి నుంచి తూపిలిపాలెం బీచ్ వైపు పోయినప్పుడు ఒక్క గుర్తు చూసుకోండి: జాలర్లు పడవల్ని ఎంత పైకి లాగి పెట్టారు? రోజూ ఉండేచోటు కన్నా బాగా వెనక్కి ఉంటే తడి ఇసుక మీదికి దిగొద్దు. కృష్ణపట్నం పోర్టులో ప్రమాద హెచ్చరిక ఎగరేశారని వార్త వచ్చినా అంతే. పులికాట్ అంచున ఫోటో కోసం బురదలో అడుగు పెట్టడం కూడా మానండి. పైన ఎండి గట్టిగా కనబడుతుంది, కింద మోకాలి దాకా దిగుతుంది. పక్షులూ బెదిరి లేచిపోతాయి. అవి ఎంతో దూరం నుంచి మేతకోసం వచ్చినవి.

ఇక పాములు. బొరియల్లోకి నీళ్ళు పోతే అవి ఎక్కేది ఎత్తుగా ఉండే రోడ్డు మీదికే. పొలాల పక్కన నాగుపాము, రక్తపింజరి ఉంటాయి. కట్లపాము రాత్రిపూట తిరుగుతుంది, అది కరిచినా పెద్దగా నొప్పి తెలియదు, అదే దాని ప్రమాదం. అందుకే వెలుగు రాకముందు పల్లె రోడ్ల మీదికి పోము. కచ్చితంగా పోవాలంటే తలకి లైట్ కట్టుకుని, రోడ్డు మధ్యలో నడుస్తాం. కాటు పడితే కోయడం, నోటితో పీల్చడం, తాడు బిగించి కట్టడం, మంత్రం వేయించడం, ఏదీ వద్దు. మనిషిని నడిపించకుండా, కరిచిన కాలు కదలకుండా పెట్టి, విషానికి విరుగుడు ఇంజెక్షన్ ఉండే ఆస్పత్రికి తీసుకుపోవాలి. మీ దారికి దగ్గరలో అది ఏ ఆస్పత్రిలో ఉందో ముందురోజే ఫోన్ చేసి కనుక్కోండి. ఈ ఒక్క పని చాలామంది చేయరు.

కుక్కలు వెంటపడితే పరుగు ఆపి నడవండి. కరిస్తే సబ్బు నీళ్ళతో పదిహేను నిమిషాలు కడిగి అదే రోజు ఇంజెక్షన్ వేయించుకోండి, మిగతా డోసులు ఎగ్గొట్టొద్దు.

చల్లగా ఉంది కదా, నీళ్ళు అక్కర్లేదనుకోవద్దు. తీరంలో గాలిలో తేమ ఎక్కువ, చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. తిరుపతిలో కిలోమీటరుకి ఎంత టైము పడుతుందో అక్కడ ఇంకో అరనిమిషం కలుపుకోండి. రెండు గంటలు దాటే పరుగులో ఉత్త నీళ్ళే గడగడా తాగుతూ పోతే రక్తంలో ఉప్పు పలచబడి తలనొప్పి, వాంతులు, తికమక వస్తాయి. ఓఆర్‌ఎస్ ప్యాకెట్ ఒక లీటరు నీళ్ళలో కలిపి పెట్టుకోండి. లేదంటే ఉప్పు వేసిన పలచని మజ్జిగ. నేను ముందురోజు రాత్రి రాగి సంగటి తింటాను, పొద్దున ఒక అరటిపండు. కొత్త షూ, కొత్త సాక్స్ వానరోజు మొదలుపెట్టకండి. వేళ్ళ మధ్య వాజలైన్ రాసుకుంటే బొబ్బలు తగ్గుతాయి.

తీరం మీద హెచ్చరిక ఉన్నప్పుడు మాకు చంద్రగిరి ఉండనే ఉంది. తిరుపతి నుంచి పదిహేను కిలోమీటర్ల లోపే, దారంతా ఇళ్ళు, టీ అంగళ్ళు. విజయనగర రాజులు చివరి రోజుల్లో ఏలిన కోట. వాన తడిసిన పొద్దున ఆ రాతిగోడల వెనక కొండ మీద మబ్బు వాలి ఉంటుంది. కోట రాళ్ళు మాత్రం పాచి పట్టి నూనె పూసినట్టు ఉంటాయి, గోడలెక్కి ఫోటోలు దిగొద్దు. అదేవిధంగా అలిపిరి, జూ పార్కు రోడ్డు వైపు చీకట్లో ఒంటరిగా పోవద్దు. 2023 ఆగస్టులో అలిపిరి నడకదారిలో చిరుత చిన్నపాపను పొట్టన పెట్టుకుంది. ఆ దారులు అడవిని ఆనుకున్నవే.

మా గుంపులో శనివారం రాత్రి తొమ్మిదికి వాతావరణ శాఖ బులెటిన్ చూసి నిర్ణయం తీసుకుంటాం. ఆరెంజ్ గానీ రెడ్ గానీ అలర్ట్ ఉంటే చర్చ లేదు, తీరం వైపు పోము. ఎల్లో అయితే మళ్ళీ తెల్లవారుజామున నాలుగింటికి చూస్తాం. ఏ దారి, ఎక్కడ తిరుగుతాం, మధ్యలో ఆగడానికి ఏ బడి, ఏ గుడి, ఏ పెట్రోల్ బంకు ఉంది, ఎన్నింటికి తిరిగొస్తాం, ఇవన్నీ రాసి ఇంట్లో వాళ్ళకి మెసేజ్ పెడతాం. ఒక్కరు వద్దన్నా అందరం ఆగిపోతాం, ఎందుకని అడగకూడదని పెట్టుకున్నాం. పోయిన ఆదివారం మాలో అందరికన్నా చిన్నవాడు, కిందటి నెలే చేరినవాడు, "అన్నా, నాకెందుకో వద్దనిపిస్తాంది" అని రాశాడు. అప్పటికే ఎల్లో అలర్ట్ ఉంది. చంద్రగిరి పోయి, కోట ముందు టీ తాగి, తొమ్మిదికల్లా ఇళ్ళకి వచ్చేశాం.