పాత డీజిల్ వ్యాన్‌లో ఎయిర్ పడుతోందా? తీయించడంతో పని అయిపోదు

పొద్దున సెల్ఫ్ కొడితే అరనిమిషం దాకా ఇంజన్ అందుకోదు. అందుకున్నా రెండు నిమిషాలు ఊగిసలాడి ఆగిపోతుంది. మళ్లీ కొడితే ఏమీ ఎరగనట్టు నడుస్తుంది. మీ బండి ఇలా చేస్తుంటే డీజిల్ పైపుల్లోకి గాలి దూరుతోందేమో అనుమానించండి. షెడ్డుల్లో దీన్నే 'ఎయిర్ పట్టడం' అంటారు. అలాంటి బండిని తిరుపతి దగ్గరి భాకరాపేట ఘాట్ ఎక్కించకండి. నేను ఎక్కించాను. తలకోనకు వెళుతుంటే సరిగ్గా ఎత్తులో, వెనక లారీ హారన్ మోగుతుండగా ఆగిపోయింది. లోపల మంచం మీద పిల్లలు, మూకుడు నిండా పులిహోర.

మాది 1999 మోడల్ టెంపో ట్రావెలర్. సీట్లు పీకేసి మంచం, గ్యాస్ పొయ్యి, నీళ్ల డ్రమ్ము పెట్టుకున్నాం. ఘాట్‌లో ఆగిన ఆ ఏడాది తిరుపతిలోనే ఒక షెడ్డులో మూడుసార్లు ఎయిర్ తీయించాను. "ఎయిర్ పట్టిండాది నా, పది నిమిషాలు" అంటాడు, తీస్తాడు, డబ్బు తీసుకుంటాడు. నాలుగో రోజుకు మళ్లీ మొదలు. మూడోసారి "ఎయిర్ ఎక్కడి నుంచి వస్తా ఉండాది?" అని అడిగితే "పాత బండి కదా నా" అన్నాడు. వయసుకు చిల్లు పడదు, పైపుకు పడుతుంది. దాన్ని వెతికే ఓపిక లేక ఎయిర్ తీసి పంపేస్తుంటారు. అప్పటి నుంచి ఈ పని నేనే చేసుకుంటున్నాను, తెలిసినవాళ్ల బండ్లకూ చేసిపెడుతున్నాను.

ఇదంతా మెకానికల్ పంపు ఉన్న పాత డీజిల్ ఇంజన్లకు మాత్రమే. కామన్ రైల్ (కంప్యూటరు అదుపులో డీజిల్ చిమ్మే కొత్తరకం) బండ్ల పైపుల్లో ఒత్తిడి వెయ్యి బార్లు దాటుతుంది. వాటి నట్లు వదులు చేసే ఆలోచనే పెట్టుకోవద్దు.

కావలసినవి

స్పానర్ సెట్టు, కొత్త రాగి వాషర్లు, కొత్త క్లిప్పులు, రెండు జానల పారదర్శకమైన డీజిల్ పైపు, ఐదు లీటర్ల శుభ్రమైన డీజిల్ క్యాను, సైకిల్ పంపు, పాత గుడ్డలు, కళ్లద్దాలు. పైపు కోసం పాత ముక్కను కోసుకుని షాపుకు తీసుకెళ్లండి, సైజు వాళ్లే చూస్తారు. పని మొదలుపెట్టే ముందు గ్యాస్ సిలిండర్‌ను బండి నుంచి దించి దూరంగా పెట్టండి. ఇంజన్ పూర్తిగా చల్లారాలి. వేడి సైలెన్సర్ మానిఫోల్డ్ మీద డీజిల్ పడితే అంటుకుంటుంది.

ముందు పొగ చూడండి

సెల్ఫ్ కొడుతున్నప్పుడు ఎవరినైనా వెనక నిలబెట్టండి. పొగ అసలే రాకపోతే డీజిల్ నాజిళ్ల (ఇంజన్ లోపలికి డీజిల్ చిమ్మే ముక్కుల) దాకా రావడం లేదు. తెల్లపొగ వస్తుంటే డీజిల్ వస్తోంది, మండడం లేదు. అప్పుడు స్టార్ట్ చేసేముందు ఇంజన్ లోపల వేడి పుట్టించే హీటర్ ప్లగ్గులు చూసుకోవాలి, ఈ వ్యాసంతో పని లేదు. నడుస్తున్నప్పుడు నల్లపొగ అయితే నాజిళ్లు లేదా ఎయిర్ ఫిల్టర్. పొగే రాకపోతే ముందుగా డాష్‌బోర్డు కింద ఇంజన్ ఆపడానికి లాగే స్టాప్ కేబుల్ లాగి ఉందేమో చూడండి. నవ్వకండి, దానికే బ్యాటరీ దిగిపోయేదాకా సెల్ఫ్ కొట్టినవాళ్లు నాకు తెలుసు.

తర్వాత ట్యాంకు మూత. తీయగానే 'స్స్' మని గాలి లోపలికి పీల్చుకుంటే మూతకున్న గాలిరంధ్రం పూడిపోయింది. ఇరవై నిమిషాలు బాగా నడిచి ఆగిపోయి, పది నిమిషాలు ఆగితే మళ్లీ స్టార్టయ్యే బండికి ఇది ఒక కారణం. రెండో కారణం ట్యాంకులోపలి జల్లెడకు మడ్డి పట్టడం. నవంబరు వానల తర్వాత డీజిల్ ఫిల్టర్ కింది స్క్రూ తిప్పి అడుగున చేరిన నీళ్లు వదలడం మరవకండి. డీజిల్ కన్నా నీళ్లు బరువు, అడుక్కే చేరతాయి. ఫిల్టర్ ఏటా సంక్రాంతికి ముందు మార్చాల్సిందే, ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని లెక్క అడగొద్దు.

క్యాను పరీక్ష

ట్యాంకులోని డీజిల్ పీల్చే చిన్న పంపే ఫీడ్ పంపు. దానికి ట్యాంకు నుంచి వచ్చే పైపును ఊడదీసి, ఆ చోట పారదర్శక పైపు పెట్టి, రెండో చివరను డీజిల్ క్యానులో ముంచండి. ఎయిర్ తీసి (ఎలాగో కింద చెప్పాను) స్టార్ట్ చేయండి. బండి గంటసేపు నిలకడగా నడిస్తే తప్పు ట్యాంకుకూ ఫీడ్ పంపుకూ మధ్యే ఉంది. అప్పుడు కూడా ఊగితే ఫీడ్ పంపు నుంచి ఇంజన్ వైపు చూడాలి. కాస్త పనితో సగం బండిని అనుమానం నుంచి తప్పించే పరీక్ష ఇది. అయినా ఎవరూ చేయరు, నేరుగా నాజిళ్లు విప్పేస్తారు.

గాలి దూరేచోటు

అందరూ తప్పు చేసేది ఇక్కడే, కాబట్టి నిదానంగా చదవండి. ట్యాంకు నుంచి డీజిల్‌ను ఫీడ్ పంపు పీలుస్తుంది. అక్కడి నుంచి ఫిల్టర్ మీదుగా, నాజిళ్లకు డీజిల్ పంపే పెద్ద పంపు దాకా నెడుతుంది. (పాత మెకానిక్‌లు ఇప్పటికీ దాన్ని మైకో పంపు అంటారు. ఆ కంపెనీ 2008లో బాష్ అయినా వాళ్లకు మైకోనే.) నెట్టేచోట చిల్లు ఉంటే డీజిల్ బయటకు కారుతుంది, కనిపిస్తుంది. పీల్చేచోట చిల్లు ఉంటే చుక్క కూడా కారదు, గాలి లోపలికి పోతుంది. చీలిన స్ట్రాతో కొబ్బరిబోండాం తాగి చూడండి, నీళ్లు కారవు, నోట్లోకి గాలే వస్తుంది. "ఎక్కడా లీకు లేదు, అంతా పొడిగానే ఉంది" అని పైపును వదిలేయడం అందుకే తప్పు. పొడిగా ఉన్న పైపునే అనుమానించాలి.

ఇంకో మెలిక ఉంది. రాత్రి బండి ఆగి ఉన్నప్పుడు ట్యాంకు కిందుంటుంది, డీజిల్ వెనక్కి జారాలని చూస్తుంటుంది. అప్పుడు ఫిల్టర్ వాషర్ నుంచీ, నాజిళ్ల దగ్గర మిగిలిన డీజిల్‌ను వెనక్కి తీసుకెళ్లే సన్నని రిటర్న్ గొట్టాల నుంచీ కూడా గాలి దూరుతుంది. పొద్దున మాత్రమే మొరాయించి పగలంతా బాగుండే బండిలో ముందు చూడాల్సినవి ఇవే. నా బండి రెండు రకాలుగానూ ఏడిపించింది. రిటర్న్ గొట్టం ఒకటి చీలింది, మంచం కింద సైలెన్సర్ పక్కన పోయే రబ్బరు పైపు వేడికి లోపలి వైపు పగిలింది. బయటికి చూస్తే కొత్తదానిలా ఉంది.

క్యాను పరీక్షలో తప్పు ట్యాంకు వైపు అని తేలితే ఆ పైపును రెండు చివరలా ఊడదీయండి. ఒక చివర మూసి, నీళ్ల బకెట్‌లో ముంచి, రెండో చివర నుంచి సైకిల్ పంపుతో మెల్లగా కొట్టండి. పంచర్ షాపులో ట్యూబు ముంచినట్టే, బుడగ ఎక్కడ లేస్తే చిల్లు అక్కడే. పైపు బాగుంటే అతుకులు, క్లిప్పులు చూడండి. ఇనుప తీగ మెలిపెట్టి బిగించినవి కనిపిస్తే వెంటనే తీసేసి క్లిప్పు వేయండి. నోటితో మాత్రం డీజిల్ లాగవద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతే ఆసుపత్రి పాలవుతారు.

మరో అనుమానితుడు ఫీడ్ పంపు మీది హ్యాండ్ ప్రైమర్, అంటే చేత్తో కొట్టి డీజిల్ ఎక్కించే పిడి. ఎయిర్ తీసేది దాంతోనే, ఎయిర్ పట్టేదీ చాలాసార్లు దాంతోనే. లోపలి రబ్బరు అరిగిపోతుంది, లేదా తీసినవాళ్లు పిడిని మళ్లీ బిగించకుండా వదిలేస్తారు.

ట్యాంకు దగ్గర ఎలక్ట్రిక్ పంపు పెట్టించుకో, సమస్య పోతుంది అని ఒక సలహా తిరుగుతోంది. నిజంగానే పోయినట్టు కనిపిస్తుంది. ఆ పంపు నెడుతుంది కాబట్టి చిల్లులోంచి గాలి రాదు, డీజిల్ బయటకు కారుతుంది. మీరు పడుకునే మంచం కింద, వేడి సైలెన్సర్ పక్కన. అంతకంటే ఎయిర్ పడితే పడనీ.

ఎయిర్ తీయడం

క్యాను పరీక్షకు తప్ప, చిల్లు మూశాకే ఇది. గేరు న్యూట్రల్‌లో ఉంచి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రాల వెనక రాళ్లు పెట్టండి. ఫిల్టర్ పైన ఉన్న స్క్రూ రెండు చుట్లు వదులు చేసి హ్యాండ్ ప్రైమర్ కొట్టండి. ముందు నురగ వస్తుంది. నురగ పోయి మెత్తగా డీజిల్ పారుతున్నప్పుడే స్క్రూ బిగించాలి, పారడం ఆగాక బిగిస్తే మళ్లీ గాలే. పెద్ద పంపుకూ స్క్రూ ఉంటే అక్కడా ఇలాగే చేయండి. పాత రాగి వాషర్లు మళ్లీ వాడకండి. పిడిని గట్టిగా బిగించండి. సగం బండ్లు ఇక్కడే స్టార్టవుతాయి.

కాకపోతే నాజిళ్ల దగ్గర నట్లు ఒక్కొక్కటి అర చుట్టు మాత్రమే వదులు చేయాలి, పూర్తిగా విప్పొద్దు. ఇక్కడ ఒత్తిడి వంద బార్లు దాటుతుంది. సన్నటి ధార చర్మాన్ని చీల్చుకుని లోపలికి పోతుంది. పైకి సూది గుచ్చినంతే కనిపిస్తుంది, నొప్పి కూడా మొదట్లో పెద్దగా ఉండదు, కానీ లోపల కండ కుళ్లిపోతుంది. అలా జరిగితే ఇంటికి కాదు, నేరుగా ఆసుపత్రికి. వేలు పెట్టి డీజిల్ వస్తోందా అని చూసే అలవాటు మానండి. కళ్లద్దాలు పెట్టుకుని, గుడ్డ చుట్టి, మొహం పక్కకు పెట్టుకోండి. ఇంకొకరు పది సెకన్లు సెల్ఫ్ కొట్టాలి, ఒక నిమిషం ఆగాలి. ఆపకుండా కొడితే సెల్ఫ్ మోటారు కాలిపోతుంది. డీజిల్ చిమ్మిన నట్టును సెల్ఫ్ ఆపాక బిగించి, తర్వాత దానికి వెళ్లండి.

అప్పటికీ కాకపోతే ఎవరో ఒకరు పెట్రోలు గుడ్డ గాలి పైపు దగ్గర పెట్టమంటారు. హీటర్ ప్లగ్గులున్న ఇంజన్‌కు అది బాంబు. ఆ మనిషిని బండికి దూరంగా కూర్చోబెట్టి టీ ఇవ్వండి.

స్టార్టయ్యాక పారదర్శక పైపును ఫీడ్ పంపుకు ముందు ఒకటి రెండు రోజులు ఉంచి చూడండి. స్టార్ట్ చేసిన మొదటి రెండు నిమిషాలు ఒకటి రెండు బుడగలు పర్వాలేదు, తర్వాత కనిపించకూడదు. మూడో రోజు దాన్ని తీసి నల్ల రబ్బరు పైపు వేసేయండి. పారదర్శకమైనది డీజిల్‌కు గట్టిపడి, వేడికి పగిలి, అదే కొత్త చిల్లు అవుతుంది.